భంగ్, గంజాయి, చరస్: ఒకే మొక్క, మూడు ఖాతాలు

“గంజాయి వనంలో తులసి మొక్క” అనే సామెత మనవాళ్ళ నోట్లో రోజూ నానుతుంది. తులసి గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది. ఆ వనం గురించి మాత్రం పోలీసులూ పేపర్లవాళ్ళూ తప్ప ఎవరూ మాట్లాడరు. వాళ్ళు కూడా ఎన్ని కిలోలు, ఎన్ని లక్షలు అనే లెక్కే చెబుతారు. ఆ సరుకులో అసలు ఏముంది, ఒక రకానికీ ఇంకో రకానికీ ఫరక్ ఏమిటి అనే సవాలు ఎవరూ వేయరు. ఈ వ్యాసం ఆ ఫరక్ గురించే. దాని తారీఖ్ వెయ్యేళ్ళది. అందులో హకీములున్నారు, ఖాజీలున్నారు, బాదుషాలున్నారు, చివరికి మా బాపట్ల తాలూకా కూడా ఉంది.

ముందు మాటల సంగతి. గంజాయి పట్టుకున్న వార్త ఏదైనా తెలుగు పేపర్లో చదవండి. నిషా, రకం, ఖరీదు, నమూనా, అసలు, నకిలీ, జప్తు, ఖైదు, జామీను, వకీలు. ఇవన్నీ అరబీ, ఫార్సీ ఇళ్ళనుంచి నడిచి వచ్చి తెలుగులో స్థిరపడిన లఫ్జ్‌లే. గంజాయి అన్న మాట మాత్రం సంస్కృతం ‘గంజా’ నుంచి వచ్చింది. అంటే సరుకు పేరు సంస్కృతం, దాని మీద రాసే కేసు డైరీ ఫార్సీ. ఈ మొక్క తారీఖ్ కూడా ఇలాగే రెండు జబాన్ల మధ్య నడిచింది.

హిందుస్తాన్‌లో ఈ మొక్కను పాత కాలం నుంచీ మూడు సరుకులుగా చూశారు. ఆకులు నూరితే భంగ్. ఆడ మొక్క పూల కంకులు ఎండబెడితే గంజాయి. ఆ పూల మీద ఊరే జిగురును విడిగా తీసి ముద్ద చేస్తే చరస్. ఈ లెక్క ఏ లాబొరేటరీలోనూ పుట్టలేదు, వాడేవాళ్ళ అనుభవంలోంచి వచ్చింది. ఇవాళ సైన్సు చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉంది. నిషా ఎక్కించే పదార్థం టీహెచ్‌సీ. ఇది ఆడ పూల చుట్టూ ఉండే సన్నటి నూగులాంటి గ్రంథుల్లో తయారవుతుంది. ఆకుల్లో ఆ గ్రంథులు తక్కువ, పూల మీద ఎక్కువ, గ్రంథుల జిగురునే తీసి ముద్ద చేసిన చరస్‌లో అన్నిటికంటే ఎక్కువ. మగ మొక్కలో చెప్పుకోదగ్గంత ఉండదు. మగ మొక్క పుప్పొడి తగిలి ఆడ మొక్క గింజ పట్టిందంటే దాని బలమంతా గింజకు పోతుంది, పూల జిగురు తగ్గిపోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తరువాత నౌగావ్ రైతుల దగ్గర పనికొస్తుంది.

అరబ్ జమానాలోకి వెళ్దాం. అరబీలో దీన్ని ఖిన్నబ్ అన్నారు. గింజకు ఫార్సీలో షాహ్‌దానా, అంటే రాచగింజ, అని పేరు. మన యునానీ దుకాణాల్లో ఈ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. స్పెయిన్‌లో పుట్టి 1248లో దమిష్క్‌లో ఇంతెఖాల్ అయిన ఇబ్న్ అల్ బైతార్ తన మందుల కితాబ్‌లో ఒక ముఖ్యమైన మాట రాశాడు. యూనాన్ హకీములు చెప్పిన ఖిన్నబ్ రకాలు కాక మరో రకం ఉంది, దాన్ని ‘హిందీ ఖిన్నబ్’ అంటారు, దాన్ని తాను మిస్ర్‌లో తోటల్లో పెంచుతుండగా చూశాను అని. తాళ్ళు పేనే ఖిన్నబ్ వేరు, నిషా ఇచ్చే ఖిన్నబ్ వేరు అని రాతలో స్పష్టంగా పెట్టిన తొలి మందిలో ఆయన ఒకడు. ఆ రెండోదానికి ‘హిందీ’ అనే ముద్ర అప్పుడే పడింది. 500 ఏళ్ళ తరువాత యూరప్‌వాళ్ళు పెట్టిన ‘ఇండికా’ అనే పేరుకు అర్థం కూడా అదే.

ఈ ఆకును ముసల్మానుల్లోకి తెచ్చింది ఎవరు అంటే, మిస్ర్ చరిత్రకారుడు మఖ్రీజీ ఖురాసాన్‌కు చెందిన షేక్ హైదర్ అనే దర్వేష్ కథను నమోదు చేశాడు. ఆయన ఎండవేళ బయటికి వెళ్ళి, గాలి లేకున్నా ఊగుతున్న ఒక మొక్కను చూసి, దాని ఆకు తిని నవ్వుతూ తిరిగొచ్చాడట. కథ బాగుంది. కానీ ఆకు సంగతి లోకానికి అంతకుముందే తెలుసు కాబట్టి దీన్ని దర్వేషుల లతీఫాగానే తీసుకోవాలి. హసన్ బిన్ సబ్బాహ్ తన మురీదులకు హషీష్ తినిపించి హత్యలు చేయించాడన్న కహానీకైతే అంత పునాది కూడా లేదు. నిజారీలను తిట్టడానికి దుష్మనులు వాడిన లఫ్జ్‌ను యూరప్ రాతగాళ్ళు పట్టుకుని దాని చుట్టూ తోటలూ హూరీలూ పేర్చారు.

నాకు ఈ కహానీలకంటే ఖాజీల బహస్ దిల్‌చస్ప్‌గా అనిపిస్తుంది. ఖురాన్‌లో ఉన్న మాట ఖమ్ర్, అంటే మద్యం. ఆకు సంగతి అందులో లేదు. మరి దీన్ని ఏ ఖాతాలో వేయాలి? 1285లో చనిపోయిన మాలికీ ఫఖీహ్ ఖరాఫీ మూడు ఖాతాలు విడదీశాడు. అఖల్‌ను కప్పేసి మనిషికి మస్తీ, ధైర్యం ఎక్కించేది ముస్కిర్. నిద్రపుచ్చేది మురఖ్ఖిద్. నిద్రా లేదు, మస్తీ లేదు, బుద్ధిని చెడగొట్టేది ముఫ్సిద్. హషీష్‌ను ఆయన ఈ మూడోదాంట్లో వేశాడు. కాబట్టి తిన్నవాడికి తాజీర్, అంటే ఖాజీ తన విచక్షణతో వేసే శిక్ష సరిపోతుంది, మద్యానికి ఉన్న హద్ శిక్ష వర్తించదు అన్నాడు. 1328లో చనిపోయిన ఇబ్న్ తైమియా దీన్ని ఒప్పుకోలేదు. నిషా నిషాయే, తాగినా తిన్నా ఒకటే, హద్ పడాల్సిందే అన్నాడు. తరువాతి తరంలో జర్కషీ ఈ ఒక్క మసలా మీదే ఒక రిసాలా రాశాడు. హరాం అనడంలో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా పదార్థం స్వభావం ఏమిటి, ఎంత తీసుకుంటే ఏమవుతుంది, దవాగా వాడితే ఏమిటి అన్న దగ్గరే. ఆ ఉలేమా దగ్గర కెమిస్ట్రీ లేదు. అయినా సరైన సవాళ్ళు వేశారని నా అభిప్రాయం. ఇవాళ హలాల్ సర్టిఫికెట్ల జమానాలో చాలామంది అంత దూరం కూడా ఆలోచించడం లేదు.

మన గడ్డ మీదికి వద్దాం. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా కితాబ్‌లో భంగ్ గురించి ఒక అధ్యాయం ఉంది. ఆయన పోర్చుగీసు డాక్టరు, అహ్మద్‌నగర్ బుర్హాన్ నిజాం షా దర్బారుకు వెళ్ళి వైద్యం చేసినవాడు. గుజరాత్ సుల్తాన్ బహాదుర్ షా ఒక పోర్చుగీసు సర్దారుతో చెప్పిన మాట ఆయన రాశాడు. రాత్రిపూట పోర్చుగల్, బ్రెజిల్, తుర్కీ, అరేబియా చూడాలనిపిస్తే సుల్తాన్ కొంచెం భంగ్ తినేవాడట. బాబర్ తన ఆత్మకథలో మాజూన్ తిన్న రోజులు దాపరికం లేకుండా రాసుకున్నాడు. అందులో ఒక పరిశీలన నాకు చాలా ఇష్టం. అరఖ్ తాగేవాళ్ళనూ మాజూన్ తినేవాళ్ళనూ ఒకే మజ్లిస్‌లో కూర్చోబెడితే ఆ మజ్లిస్ చెడిపోతుందని ఆయన అనుభవం. ఒకడు కేకలేస్తాడు, ఇంకొకడికి మాట్లాడాలనిపించదు. ముస్కిర్ వేరు, ముఫ్సిద్ వేరు అని ఖరాఫీ చెప్పినదాన్ని బాబర్ పడవలో కూర్చుని ఖుద్ చూశాడు.

1670లలో బంగాళాఖాతం తీరంలో తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వ్యాపారి రాసింది మరీ తమాషా. ఆయనా, ఆయన దోస్తులూ బజారు నుంచి భంగ్ తెప్పించి తలా ఒక పైంటు తాగారు. ఎవరూ చూడకుండా తలుపులూ కిటికీలూ బిగించుకున్నారు. ఒకడు నేలమీద కూలబడి మధ్యాహ్నమంతా ఏడ్చాడు. ఇంకొకడు భయపడిపోయి పెద్ద జాడీలో తల దూర్చి గంటలకొద్దీ అలాగే ఉన్నాడు. కొందరు తివాచీల మీద పడుకుని ఒకరినొకరు బాదుషాల్లా పొగుడుకున్నారు. ఒకడు వరండా స్తంభంతో కుస్తీపట్టి వేళ్ళ తోలు ఊడగొట్టుకున్నాడు. బౌరీకి చెమటలు పట్టాయి, అంతే. సరుకు ఒకటే, కొలత ఒకటే, మనుషులే వేరు. ‘ఈ రకం తీసుకుంటే ప్రశాంతత, ఆ రకం తీసుకుంటే హుషారు’ అని ఇవాళ అమెరికా దుకాణాల్లో చీటీలు అంటించి అమ్ముతున్నారు. ఆ చీటీల పక్కన బౌరీ పేజీని కూడా అంటిస్తే బాగుండును.

ఇదే పాఠం 1839లో కలకత్తా ఆసుపత్రిలో మళ్ళీ కనబడింది. విలియం ఓషాన్నెసీ ఐర్లండ్ డాక్టరు, కలకత్తా మెడికల్ కాలేజీ ప్రొఫెసరు. తరువాత మన దేశానికి టెలిగ్రాఫ్ తీగలు వేయించింది కూడా ఈయనే. గంజాయిని యూరప్ వైద్యానికి పరిచయం చేసిన వ్యాసం ఆయనది. ఇంగ్లీషు కితాబుల్లో ఆయన పేరు మాత్రమే మిగిలింది. కానీ ఆ వ్యాసం తెరిచి చూస్తే తనకు సమాచారం ఇచ్చినవాళ్ళ పేర్లు ఆయనే చెప్పాడు. హుగ్లీ ఇమాంబాడా ముతవల్లీ సయ్యద్ కరామత్ అలీ ఒకరు. తెహ్రాన్ హకీం మీర్జా అబ్దుల్ రజీ ఇంకొకరు. పండితులలో మధుసూదన్ గుప్తా, కమలాకాంత విద్యాలంకార్. అరబీ, ఫార్సీ కితాబుల్లో ఎక్కడ ఏముందో చెప్పింది ఈ ముతవల్లీ, ఈ హకీమే. ఓషాన్నెసీ షుక్రియా చెప్పాడు. ఆయన తరువాతివాళ్ళే మరచిపోయారు.

ఓషాన్నెసీ ముందు జంతువుల మీద చూసి, తరువాత ముగ్గురు కీళ్ళవాతం రోగులకు ఒక్కొక్క గ్రైను జిగురు ఇచ్చాడు. ఒకడు వాగి వాగి, పాడి, చివరికి చెయ్యి ఎత్తి ఎలా పెడితే అలా ఉండిపోయే స్థితిలోకి వెళ్ళాడు. మూడోవాడికి ఏమీ కాలేదు. వాకబు చేస్తే వాడు రోజూ చిలుం పీల్చేవాడని తేలింది. ధనుర్వాతానికీ, కలరాకీ, పిచ్చికుక్క కాటుకీ కూడా ఇచ్చి చూశాడు. పిచ్చికుక్క కాటుకు ప్రాణం నిలవలేదు గాని ఆఖరి బాధ తగ్గింది. ఫిట్స్ వస్తున్న 40 రోజుల పసిపాపకు చుక్కల లెక్కన ఇచ్చి, మోతాదు సరిచూసుకుంటూ వెళ్తే పాప కోలుకుందని రాశాడు. ఈ పసిపాపను కూడా గుర్తుపెట్టుకోండి.

ఆ తరువాత 50 ఏళ్ళు యూరప్, అమెరికా మందుల షాపుల్లో గంజాయి సారం సీసాలు అమ్మారు. వాటితో పెద్ద తంటా ఏమిటంటే, ఒక సీసా పని చేసేది, పక్క సీసా పని చేసేది కాదు. సముద్రం మీద నెలలకొద్దీ వచ్చిన సరుకు ఎంత బలంగా ఉందో కొలిచే తరీఖా లేదు. ఏ పదార్థం కొలవాలో కూడా తెలియదు. ఇంజెక్షన్ సూదులూ, ఆస్పిరిన్ లాంటి కచ్చితమైన మందులూ వచ్చాక డాక్టర్లు దీన్ని వదిలేశారు. 1942లో అమెరికా మందుల అధికారిక జాబితా నుంచి తీసేశారు. చట్టం దెబ్బ కొంత, నమ్మకం లేని మోతాదు దెబ్బ కొంత.

ఇప్పుడు బాపట్ల. 1893లో లండన్ పార్లమెంటులో, హిందుస్తాన్‌లో గంజాయి వల్ల జనం పాడైపోతున్నారా అనే సవాలు వచ్చింది. దాని మీద సర్కారు ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేసింది. అధ్యక్షుడు మాక్‌వర్త్ యంగ్. ఏడుగురు సభ్యుల్లో ముగ్గురు హిందుస్తానీలు. అరబీ, ఫార్సీ వైద్యం చదివిన హకీం ఒక్కడూ అందులో లేడు. అయినా పని మాత్రం మేహనత్‌తో చేశారు. 1,193 మంది గవాహీ తీసుకుని 1894లో సంపుటాలకొద్దీ నివేదిక ఇచ్చారు. మితంగా వాడితే చెప్పుకోదగ్గ నష్టం కనబడలేదు, అతిగా వాడితే నష్టం ఉంది, పూర్తి నిషేధం అవసరం లేదు, పన్ను వేసి అదుపులో పెట్టండి అన్నది వాళ్ళ ఫైసలా.

నాకు ఆ నివేదికలో అన్నిటికంటే విలువైనదిగా తోచేది పిచ్చాసుపత్రుల లెక్క. గంజాయి వల్ల పిచ్చి పట్టిందని 1892లో రాసి చేర్చిన 222 కేసులను కమిషన్ ఒక్కొక్కటిగా తిరగేసింది. చాలా కేసుల్లో పోలీసులు సబబ్ తెలియక ‘గంజాయి’ అని రాసి పడేశారని తేలింది. వడపోస్తే 98 మిగిలాయి. అందులో గంజాయి ఒక్కటే కారణంగా కనబడినవి 61. అంటే గంజాయివల్ల పిచ్చి రాదని కాదు, వస్తుంది. ఆ 61 మంది అబద్ధం కాదు. కానీ కాలమ్‌లో రాసిన మాటను నమ్మకుండా వెనక్కి వెళ్ళి వాకబు చేయడం అనేది సర్కారీ దఫ్తర్లలో అరుదుగా కనబడే గుణం.

సరుకు రకాల గురించి ఆ కమిషన్ రాసినంత వివరంగా అంతకుముందు ఎవరూ రాయలేదు. బెంగాల్‌లో రాజ్‌షాహీ దగ్గర నౌగావ్‌లో లైసెన్సు మీద గంజాయి పండించేవారు. అక్కడ రైతులు ‘పరఖ్‌దార్’ అనే మనిషిని కూలికి పిలిచేవారు. పరఖ్ అంటే పరీక్ష. పూత రాబోయే సమయంలో అతను సాలు సాలునా నడుస్తూ మగ మొక్కలను కనిపెట్టి పీకించేవాడు. మొక్క ఇంకా తన జాతి పూర్తిగా చూపించకముందే కనిపెట్టాలి. ఒక్కటి తప్పిపోయినా పుప్పొడి ఎగిరి చేను చేనంతా గింజ పడుతుంది, ఖరీదు పడిపోతుంది. ఇంగ్లీషువాళ్ళు ఇతన్ని గంజాయి డాక్టరు అన్నారు. ఇవాళ కాలిఫోర్నియాలో గింజలేని పువ్వును గొప్ప కొత్త హునర్ అన్నట్టు చూపిస్తారు. ఆ హునర్ నౌగావ్ పరఖ్‌దార్ నెలవారీ కూలి పని.

నౌగావ్ సరుకు మళ్ళీ మూడు రకాలు. కాళ్ళతో తొక్కి పరచింది చపటా, గుండ్రంగా చుట్టింది గోల్, పుల్లలు లేకుండా విడిపోయిన పూల ముక్కలు చూర్. సర్కారు ఈ మూడింటికీ ఒకే పన్ను వేయలేదు. పుల్లలు ఎక్కువున్న చపటాకు తక్కువ, గోల్‌కు ఎక్కువ, చూర్‌కు అందరికంటే ఎక్కువ. బరువులో ఎంత మాల్ ఉందో చూసి పన్ను. యార్కండ్ నుంచి గుర్రాల మీద కారకోరం దాటి, లేహ్ మీదుగా పంజాబ్‌కు వచ్చే చరస్‌ది వేరే ఖాతా.

మద్రాసు రాజధానిలో లెక్క ప్రకారం గంజాయి క్రమంగా పండే చోట్లు రెండే. ఒకటి ఉత్తర ఆర్కాటు జవాది కొండల వైపు. రెండోది అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా దగ్గుబాడు ప్రాంతం. గుంటూరు జిల్లా పుట్టింది 1904లో, బాపట్ల జిల్లా 2022లో. అప్పటికి మాదంతా కృష్ణా జిల్లాయే. దగ్గుబాడులో లైసెన్సు మీద సాగు, సర్కారీ గోదాము, అక్కడినుంచి పన్ను కట్టి దుకాణాలకు. మా వైపు కారంచేడు, పర్చూరు అంటే అందరికీ పొగాకు, మిరప, పత్తి గుర్తొస్తాయి. ఆ నల్లరేగడిలో సర్కారీ గంజాయి పండిందని చెబితే ఈ తరం పిల్లలు నవ్వుతారు. గంజాయి అంటే వాళ్ళకు విశాఖ మన్యమే. అడవికి వెళ్ళకముందు అది మైదానంలో, పట్టపగలు, రసీదుతో పండిన పంట.

కెమిస్ట్రీ తారీఖ్ త్వరగా చెబుతాను. 1896లో కేంబ్రిడ్జిలో వుడ్, స్పైవీ, ఈస్టర్‌ఫీల్డ్ అనే ముగ్గురు హిందుస్తాన్ చరస్ నుంచి ఒక పదార్థం తీసి కెనబినాల్ అని పేరు పెట్టారు. నిషాకు మూలం దొరికిందనుకున్నారు. నిజానికి టీహెచ్‌సీ పాతబడి, గాలికి మారిపోతే వచ్చేదే కెనబినాల్. గుర్రాల మీద, ఓడల మీద అన్ని నెలలు తిరిగిన చరస్‌లో అది దొరకడంలో ఆశ్చర్యం లేదు. 1940లో అమెరికాలో రోజర్ ఆడమ్స్ సీబీడీని తీశాడు, దానికి నిషా లేదు. 1964లో ఇజ్రాయెల్‌లో మెషూలమ్, గవోనీ అసలు దొంగను పట్టుకున్నారు. పోలీసులు జప్తు చేసిన లెబనాన్ హషీష్ ఐదు కిలోలు అడిగి తెచ్చుకుని, అందులోంచి టీహెచ్‌సీని శుద్ధంగా వేరుచేశారు. 1988లో మెదడులో అది అంటుకునే తాళం దొరికింది. 1992లో మన శరీరమే తయారుచేసుకునే తాళంచెవి దొరికింది. దానికి ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టారు. అదే మన ఆనందం. ఇబ్న్ అల్ బైతార్ ‘హిందీ’ అని ఒక ముద్ర వేస్తే, వీళ్ళు ఇంకోటి వేశారు.

ఇక ఇండికా, సటైవా అనే రెండు పేర్లు. 1753లో లినేయస్ యూరప్ జనపనారను చూసి సటైవా అన్నాడు. 1785లో లామార్క్, సొన్నెరా హిందుస్తాన్ నుంచి పంపిన మొక్కను చూసి ఇండికా అన్నాడు. ఆకారమూ వేరు, నిషా గుణమూ వేరు అని ఆయన వాదన. 1976లో స్మాల్, క్రాంక్విస్ట్ అనే వృక్షశాస్త్రవేత్తలు రెండూ ఒకే జాతి అన్నారు. నార మొక్కనూ నిషా మొక్కనూ విడదీయడానికి 0.3 శాతం టీహెచ్‌సీ అనే గీత వాడారు. అది పనికోసం గీసిన గీతేగాని ప్రకృతి గీసింది కాదని స్మాల్‌కే తెలుసు. 2018లో అమెరికా వ్యవసాయ చట్టం ఆ గీతనే చట్టపు సరిహద్దు చేసింది. ఉత్తరాఖండ్ సర్కారు జనపనార సాగుకు ఇజాజత్ ఇచ్చినప్పుడు కూడా అదే 0.3 తీసుకుంది.

దుకాణాల్లో ‘ఇండికా అయితే నిద్ర, సటైవా అయితే హుషారు’ అంటారు. కెనడా డల్హౌసీ యూనివర్సిటీవాళ్ళు మొక్కల జీన్స్ తీసి చూస్తే, చీటీ మీద రాసిన పేరుకూ మొక్క పుట్టుకకూ పెద్దగా సంబంధం లేదని తేలింది. ఒకే పేరుతో అమ్మే రెండు మొక్కలు దూరపు చుట్టాలు కూడా కాకపోవచ్చు. మన పేపర్లలో కనిపించే ‘శీలావతి’ కూడా అలాంటిదే. అది బేరగాళ్ళు పెట్టిన పేరు. మొక్కకు పుట్టిన తేదీ పత్రం ఎవరూ ఇవ్వలేదు. చీటీలో పనికొచ్చేది పేరు కాదు. టీహెచ్‌సీ ఎంత, సీబీడీ ఎంత, ఏ లాబొరేటరీ ఏ తారీఖున కొలిచింది అనే మూడు సంగతులే.

ఇదంతా ఎందుకు చదవాల్సి వచ్చిందంటే, డల్లాస్‌లో ఉన్న మా ఖాలా కూతురు ఒక సీసా ఫోటో వాట్సప్‌లో పంపింది. వాళ్ళ అబ్బాయికి తొమ్మిదేళ్ళు, ఫిట్స్ వస్తాయి. రెండు మందులు వాడుతున్నా ఆగడం లేదు. ఎవరో పక్కింటావిడ సీబీడీ నూనె గురించి చెప్పింది. “భాయ్‌జాన్, ఇది భంగేనా? బాబుకి ఇస్తే గునా అవుతుందా? ఇందులో మంచి రకం ఏదో చెప్పు” అని అడిగింది. నేను ముఫ్తీని కాదు, డాక్టరునూ కాదు. నాకు తెలిసింది చెప్పాను. సీబీడీ నిషా ఇవ్వదు, కాబట్టి ఖరాఫీ లెక్కల్లోని మూడు ఖాతాల్లో ఏదీ దీనికి సరిపోదు. ఆ నూనె మందేనని తేలింది కూడా. 2018లో అమెరికా ఎఫ్‌డీఏ, డ్రావే, లెనాక్స్ గాస్టో అనే రెండు తీవ్రమైన పిల్లల ఫిట్స్ జబ్బులకు శుద్ధమైన సీబీడీతో చేసిన ఎపిడియోలెక్స్‌ను ఒప్పుకుంది. ఓషాన్నెసీ పసిపాప తరువాత 179 ఏళ్ళకు.

కానీ ఎపిడియోలెక్స్ వేరు, కిరాణా షాపు పక్కన అమ్మే సీసా వేరు. 2017లో అమెరికా వైద్య పత్రిక జామా ఒక పరిశీలన అచ్చేసింది. ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ సరుకులు కొలిస్తే, చీటీలో రాసినంతే ఉన్నవి 26. చీటీలో చెప్పకుండా టీహెచ్‌సీ ఉన్నవి 18. ఐదింట ఒక సీసాలో నిషా దాగి ఉందన్నమాట. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఆ జూదం ఆడకూడదు. పైగా సీబీడీ ఇతర ఫిట్స్ మందులతో తగాదా పెట్టుకుంటుంది. క్లోబజామ్‌తో కలిస్తే మగత పెరుగుతుంది, వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే లివర్ పరీక్షలు చూసుకుంటూ ఉండాలి. అందుకే రకం ఎంచడం నీ పని కాదు అమ్మా, న్యూరాలజిస్టుని అడుగు, ఆయన రాస్తేనే ఇవ్వు, ఇప్పుడు వాడే మందులు నీ అంతట నువ్వు ఆపొద్దు అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను. రంజాన్ సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు ఆ షాపు సీసా మాత్రం సూట్‌కేసులో పెట్టుకోవద్దు. అందులో ఏముందో అమ్మినవాడికే తెలియదు, శంషాబాద్‌లో కస్టమ్స్‌వాళ్ళకు నువ్వేం జవాబు చెబుతావు?

మన చట్టం ఈ మొక్కను ఎలా విభజించిందో చూస్తే పాత మూడు ఖాతాలే మళ్ళీ కనిపిస్తాయి. 1961 అంతర్జాతీయ ఒప్పందం నాటి నుంచీ ఆకును పూల కంకులతో కలపకుండా పక్కన పెట్టారు. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే పూల, కాయల కంకులు. కంకులు తోడు లేని ఆకులూ గింజలూ గంజాయి కాదు. అందుకే ఉత్తరాది రాష్ట్రాల్లో భంగ్‌కు సర్కారీ దుకాణాలున్నాయి. గింజలనూ గింజల నూనెనూ తిండి సరుకుగా అమ్ముకోవచ్చని 2021లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒప్పుకుంది. ఆ షాహ్‌దానా ఇప్పుడు ‘హెంప్ సీడ్స్’ అని మూడింతల ఖరీదుకు వస్తోంది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంఘం గంజాయిని అతి ప్రమాదకర జాబితా నుంచి తీసేయడానికి ఓటు వేసింది. 27 మంది ఔనన్నారు, 25 మంది కాదన్నారు. ఔనన్నవాళ్ళలో మన దేశం ఉంది.

గంజాయిలో బలం ఎంత ఉందన్నది మాత్రం మన చట్టం చూడదు. బరువు చూస్తుంది. కిలో లోపు అయితే ఏడాది వరకు శిక్ష. 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ పదేళ్ళు, ఎక్కువలో ఎక్కువ 20 ఏళ్ళు. చరస్‌కైతే ఆ గీతలు 100 గ్రాములు, ఒక కిలో. చపటాకూ చూర్‌కూ వేర్వేరు పన్ను వేసిన తెల్లదొరకు ఉన్న తరాజు మన కోర్టులకు లేదు. పచ్చి కాడలతో, ఆకులతో కలిపి కట్టిన 21 కిలోల మూటా, శుభ్రం చేసిన 21 కిలోల పువ్వూ ఒకే సెక్షన్. అందుకే బెయిల్ వాదనలో వకీళ్ళు ముందు అడిగేది, ఆకులూ గింజలూ కాడలూ వేరుచేసి తూచారా లేదా అని. పంచనామాలో ఒక్క లైను ఉంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క. సీలేరు నుంచో డొంకరాయి నుంచో రోజు కూలికి మూట మోసుకొచ్చి చెక్‌పోస్టులో దొరికిన కుర్రాడికి ఆ లైను గురించి తెలియదు. మూటలో ఉన్నది ఏ రకమో కూడా తెలియదు. మోయమన్నవాడి అస్లీ పేరు కూడా తెలియదు.